అమ్మకం పన్ను: పైకి రేటు గొడవ, లోపల వాటా పేచీ

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో చాలా వస్తువులకు 12, 28 శాతం శ్లాబులు పోయి 5, 18 శాతం మిగిలాయి. బయట చర్చంతా ఏసీ ఎంత తగ్గింది, కారు ఎంత తగ్గింది అన్న దాని మీదే నడిచింది. తెలంగాణ సహా ప్రతిపక్ష పాలిత రాష్ట్రాలు అడిగింది వేరు: తగ్గిన రాబడిని మాకు ఎవరు పూడుస్తారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. అమ్మకం పన్ను పుట్టినప్పటి నుంచి రేటు మీద ఎంత రభస జరిగినా, ఆ డబ్బు ఏ ప్రాంతం ఖాతాలో పడాలన్న దగ్గరే పీటముడి పడుతోంది.

1935 భారత ప్రభుత్వ చట్టం సరుకుల అమ్మకంపై పన్ను వేసే అధికారాన్ని ప్రావిన్సులకు ఇచ్చింది. దాన్ని సాధారణ అమ్మకం పన్నుగా మొదట అమలు చేసింది మద్రాసు, 1939లో. రాజాజీ ప్రభుత్వం సేలంతో మొదలుపెట్టి చిత్తూరు, కడప జిల్లాలకు మద్యనిషేధాన్ని విస్తరించింది. ఎక్సైజ్ రాబడికి గండి పడింది. ఆ గండి పూడ్చడానికి టర్నోవరు మీద అర శాతం పన్ను వచ్చింది. సరుకు చేయి మారిన ప్రతిసారీ పన్నే కాబట్టి, అర శాతమని పేరేగానీ నాలుగు చేతులు మారేసరికి రెండు శాతానికి చేరేది. నిజాం ప్రాంతంలో ఇలాంటి చట్టం 1950లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెండింటి స్థానంలో 1957 ఏపీ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చారు.

చట్టం ఒకటైందిగానీ రాబడి లెక్క ఒకటి కాలేదు. ఆంధ్ర ప్రాంతంలో మద్యనిషేధం ఉంది, తెలంగాణలో ఆబ్కారీ ఆదాయం దండిగా ఉంది. అందుకే 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలో, ఉమ్మడి పాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలని, తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే ఖర్చు పెట్టాలని రాసుకున్నారు. ఆ మిగులు ఎంత అన్నది 1969 ఉద్యమంలో ప్రధాన తగాదా. కుమార్ లలిత్ కమిటీ ఒక అంకె చెప్పింది, జస్టిస్ భార్గవ కమిటీ మరో అంకె చెప్పింది.

ఇదే సమయంలో దేశవ్యాప్తంగా ఇంకో చిక్కు ముదిరింది. కలకత్తాలో తయారైన సరుకును పాట్నా వ్యాపారి కొంటే పన్ను ఎవరిది? రాజ్యాంగంలోని 286వ అధికరణం, సరుకు వాడకానికి ఎక్కడ అందితే అక్కడే అమ్మకం జరిగినట్టు భావించాలంది. 1953లో యునైటెడ్ మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే పట్టుకుని, సరుకు అందుకున్న రాష్ట్రం పన్ను వేయవచ్చని చెప్పింది. దాంతో ఒక్క ఊళ్లో దుకాణం ఉన్న వ్యాపారికి నాలుగైదు రాష్ట్రాల నుంచి నోటీసులు వచ్చాయి. రిజిస్టర్ కమ్మని, లెక్కల పుస్తకాలు పట్టుకు రమ్మని. టీకాలు, సీరాలు తయారుచేసే కలకత్తా కంపెనీ బెంగాల్ ఇమ్యూనిటీ, బీహార్ నోటీసు మీద కోర్టుకెక్కింది. 1955 సెప్టెంబరులో అదే సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో తన పాత తీర్పును తిరగరాసింది: పార్లమెంటు చట్టం చేస్తే తప్ప అంతర్రాష్ట్ర అమ్మకంపై ఏ రాష్ట్రమూ పన్ను వేయకూడదు.

అప్పటికే వసూలైపోయిన డబ్బును కాపాడటానికి 1956లో ఒక ధ్రువీకరణ చట్టం, ఆరో రాజ్యాంగ సవరణ, ఆ వెంటనే కేంద్ర అమ్మకం పన్ను చట్టం వచ్చాయి. పేరుకు కేంద్రానిదే అయినా ఆ సీఎస్టీని వసూలు చేసేదీ ఉంచుకునేదీ సరుకు బయల్దేరిన రాష్ట్రమే. 1957లో రేటు 1 శాతం. 1963లో 2, 1966లో 3, 1975లో 4 శాతమైంది. పెంచిన ప్రతిసారీ లాభపడింది ఫ్యాక్టరీలున్న మహారాష్ట్ర, గుజరాత్, తమిళనాడు లాంటివి. భారం పడింది ఆ సరుకు కొనుక్కునే రాష్ట్రాల ప్రజల మీద. బీహార్ వాడు కట్టిన పన్నుతో బొంబాయి రోడ్లు పడుతున్నాయన్న దెప్పుడులో అతిశయోక్తి ఉన్నా, లెక్క మాత్రం తప్పు కాదు.

వ్యాపారులు దీనికీ దారి కనిపెట్టారు. అమ్మకం అని చూపితే 4 శాతం. మా బ్రాంచికో, కమిషన్ ఏజెంటుకో పంపుకున్నాం అంటే సున్నా. ఇలా కాగితం మీద ‘బదిలీ’ అయిన సరుకుపై పన్ను వేయడానికి 1982లో 46వ సవరణతో కన్సైన్‌మెంట్ పన్ను అధికారం ఇచ్చారు. ఆ డబ్బు పంపకం మీద ఏకాభిప్రాయం కుదరక ఆ చట్టం రానేలేదు. నిజంగా అమ్మినవాడికేమో సి-ఫారం (రాయితీ రేటు కోసం కొన్నవాడు ఇవ్వాల్సిన ధ్రువపత్రం) తిప్పలు. పక్క రాష్ట్రం కొనుగోలుదారు ఆ ఫారం పంపకపోతే రాయితీ రేటు పోయి, మూడు నాలుగేళ్ల తర్వాత అసెస్‌మెంటులో (అధికారులు పన్ను లెక్క తేల్చినప్పుడు) పూర్తి రేటు డిమాండ్ వచ్చిపడేది. సరుకు ఎప్పుడో అమ్ముడైపోయి, కొన్నవాడు దుకాణం ఎత్తేసిన కేసులూ ఇందులో ఉండేవి.

గుంటూరు ప్రాంతానికి దగ్గరి సంగతి పొగాకు. పొగాకు, చక్కెర, మిల్లు బట్టలపై రాష్ట్రాలు అమ్మకం పన్ను మానుకుంటే, బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజ్ సుంకం వేసి పంచుతుందని 1956 డిసెంబరులో జాతీయ అభివృద్ధి మండలిలో ఒప్పుకున్నారు. రాష్ట్రాలు చేతిలో ఉన్న పన్నును వదులుకుని వాటాకు ఒప్పుకున్న మొదటి పెద్ద బేరం అదే. జీఎస్టీకి అసలు నమూనా అక్కడే ఉందని చెప్పాలి.

2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించి పెరిగిన విలువ మీదే వేసే పన్ను. ఉమ్మడి ఏపీలో 4, 12.5 శాతంగా మొదలైన రేట్లలో 12.5 కాస్తా 2010లో 14.5కు, 4 కాస్తా 2011లో 5కు పెరిగాయి. సీఎస్టీ మాత్రం దిగుతూ 2008 నాటికి 2 శాతానికి వచ్చింది. ఆ తర్వాత రాష్ట్రం చీలింది. 2014 పునర్విభజన చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఆస్తిపన్నులు కాని పన్నుల బకాయిలు అసెస్‌మెంట్ జరిగిన చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానివి. పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు హైదరాబాద్‌లో ఉండటంతో, శ్రీకాకుళంలో అమ్మిన సరుకు తాలూకు బకాయి కూడా అక్కడే అసెస్ అయ్యేది. అంటే అది తెలంగాణకు పోతుంది. 56వ సెక్షన్ దగ్గరికొస్తే సూత్రం మారిపోతుంది: ఎక్కువగా వసూలు చేసిన పన్ను తిరిగి చెల్లించాల్సి వస్తే ఆ భారం జనాభా నిష్పత్తిలో, 58.32 శాతం ఏపీకి, 41.68 శాతం తెలంగాణకు. వచ్చేదానికి ఒక కొలత, ఇచ్చేదానికి మరో కొలత. సవరించమని ఏపీ పదేపదే అడిగింది ఇందుకే. ఆ అడగడంలో న్యాయం ఉంది.

2017 జులై 1న వచ్చిన జీఎస్టీ ఈ దిశను పూర్తిగా తిప్పేసింది. పన్ను సరుకు వాడిన రాష్ట్రానిదే. తయారీ రాష్ట్రాలను బుజ్జగించడానికి 2014 నాటి బిల్లులో పెట్టిన 1 శాతం అదనపు పన్నును కూడా 2016లో తీసేశారు.

లెక్క ఇలా నడుస్తుంది. రాష్ట్రం లోపలి అమ్మకంపై పన్నులో సగం కేంద్రానికి (సీజీఎస్టీ), సగం రాష్ట్రానికి (ఎస్‌జీఎస్టీ). సరుకు రాష్ట్రం దాటితే మొత్తం ఐజీఎస్టీ పేరుతో మొదట కేంద్రం చేతికి. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవచ్చు, అదే క్రెడిట్. చెన్నై టోకు వ్యాపారి తమిళనాడులోనే తయారైన ఫ్రిజ్‌ను రూ. 18,000కు కొన్నాడు: సీజీఎస్టీ 1,620, ఎస్‌జీఎస్టీ 1,620. విజయవాడ దుకాణానికి రూ. 20,000కు అమ్మాడు: ఐజీఎస్టీ 3,600. అందులో 3,240 తన క్రెడిట్, నగదు 360. విజయవాడ దుకాణం రూ. 22,000కు అమ్మింది: రెండు పన్నులూ 1,980 చొప్పున. చేతిలో ఉన్న 3,600 క్రెడిట్‌లో 1,980 సీజీఎస్టీకి, 1,620 ఎస్‌జీఎస్టీకి సర్ది, 360 నగదు కట్టింది. తర్వాత తమిళనాడు తన 1,620ను కేంద్రానికి వదులుకుంటుంది, కేంద్రం 1,620ను ఏపీకి జమచేస్తుంది. ఏపీకి మొత్తం 1,980, తమిళనాడుకు సున్నా.

కేంద్రానికి చేరిన 1,980లో 41 శాతం, అంటే సుమారు రూ. 812 రాష్ట్రాల ఉమ్మడి కుండలోకి వెళ్తుంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలు తేల్చే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26కు ఖాయం చేసిన వాటాల్లో ఏపీది 4.047 శాతం, తెలంగాణది 2.102, ఉత్తరప్రదేశ్‌ది 17.939. ఆ వాటాల లెక్కన ఆ ఫ్రిజ్ మీద ఏపీకి రూ. 33, తెలంగాణకు 17, ఉత్తరప్రదేశ్‌కు 146. ఆ సంఘం సూత్రంలో ఆదాయ అంతరానికి (తలసరి ఆదాయంలో సంపన్న రాష్ట్రాల కన్నా ఎంత వెనకబడిందన్న కొలతకు) ఒక్కదానికే 45 శాతం వెయిటేజీ ఉండటం దీనికి ముఖ్య కారణం.

తప్పులు బిల్లు దగ్గరే మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో గుంటూరు ఇంటికి అమ్మితే, జీఎస్‌టీఆర్-3బీ అనే పన్ను రిటర్నులో 3.2 పట్టికలో ఏపీ అని చూపాలి. తప్పు రాష్ట్రం పడితే డబ్బూ అటే పోతుంది. రిజిస్టర్ కాని కొనుగోలుదారు బిల్లులో చిరునామా లేకపోతే, 2023 అక్టోబరు నుంచి అమ్మినవాడి రాష్ట్రానికే పన్ను. వాడుకోవడానికి వీల్లేని క్రెడిట్‌ను రిటర్నులో చూపించి రివర్స్ చేయకుండా (వదులుకుంటున్నట్టు రాయకుండా) ఉంచేస్తే, ఆ ఐజీఎస్టీ ఏ రాష్ట్రానికీ చేరక ఇరుక్కుంటుంది.

తొలి ఐదేళ్లు రాష్ట్రాలకు ఈ నొప్పి తెలియలేదు. 2015-16 రాబడిపై ఏటా 14 శాతం పెరుగుదలకు కేంద్రం హామీ ఉండేది. అది 2022 జూన్ 30తో ముగిసింది. రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌లో ఓట్లలో మూడో వంతు కేంద్రానిది, తీర్మానం నెగ్గడానికి నాలుగింట మూడు వంతులు కావాలి. కాబట్టి ఏ రాష్ట్రమూ ఒంటరిగా రేటు కదపలేదు. సొంతంగా పెంచుకోవడానికి మిగిలినవి ముఖ్యంగా మద్యం, పెట్రోలు, డీజిలే. వీటిని పెంచుకోవడం జీఎస్టీకి ముందు నుంచీ ఉన్నదే: విభజన జరిగిన ఏడాదిలోపే, 2015లో, తెలంగాణ పెట్రోలుపై వ్యాట్‌ను 35.2 శాతానికి తీసుకెళ్లింది. ఏపీ 31 శాతం మీద లీటరుకు రూ. 4 అదనంగా వేసింది. పెట్రోలును జీఎస్టీలో చేర్చుదామన్న మాట వచ్చినప్పుడల్లా, ఢిల్లీలో ఏ పార్టీ ఉన్నా, రాష్ట్రాల్లో ఏ పార్టీ ఉన్నా, ఆర్థిక మంత్రులంతా ఒక్కటైపోతారు.