వేల్స్ కోటల వివాదం: 1282 కాదు, 1911 చూడాలి

బ్రిటన్ రాజు మూడో చార్లెస్ 2022 సెప్టెంబరు 9న, సింహాసనం దక్కిన మర్నాడే, పెద్ద కొడుకు విలియమ్‌కు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బిరుదు ఇస్తున్నట్టు టీవీ ప్రసంగంలో ప్రకటించారు. వేల్స్ ప్రజలను గానీ అక్కడి చట్టసభను గానీ ముందుగా అడిగింది లేదు. ఆ బిరుదునే రద్దు చేయాలంటూ వేల మంది సంతకాలు పెట్టారు. తండ్రికి జరిగినట్టు కైర్‌నార్వన్ కోటలో యువరాజ పట్టాభిషేకం జరిపే ఆలోచన లేదని కొత్త యువరాజు వర్గాలు కొద్ది రోజులకే చెప్పాయి. అయినా ఆ కోట ఏ జిల్లాలో ఉందో ఆ గ్వినెద్ కౌన్సిల్ అక్టోబరులో సమావేశంలో చర్చించి, అలాంటి తంతు తమ గడ్డ మీద వద్దని తీర్మానించింది. జరపబోమని చెప్పిన వేడుకను వద్దని తీర్మానించాల్సినంత అవసరం ఏమొచ్చిందన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఈ గొడవ రాజుకున్న ప్రతిసారీ వస్తూనే ఉంది.

ఈ ప్రశ్నకు జవాబుగా సాధారణంగా 1282 నాటి కథ చెబుతారు. వేల్స్ చివరి స్వతంత్ర ప్రభువు లెవెలిన్ ఆ ఏడాది డిసెంబరు 11న యుద్ధంలో చనిపోవడం, ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్ చుట్టూ కాన్‌వి, కైర్‌నార్వన్, హార్లెక్, బోమారిస్ కోటలను ఇనుప కడియంలా బిగించడం చాలాసార్లు విన్నవే కాబట్టి ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఏడు వందల ఏళ్ల కిందటి ఓటమి ఒక్కటే కారణమైతే ఈ కోటలు శతాబ్దాల పాటు పైకప్పులు కూలి, గోడలకు తీగలు పాకి, చిత్రకారులు వచ్చి బొమ్మలు గీసుకునే శిథిలాలుగా ప్రశాంతంగా పడి ఉండేవి కావు. పాత గాయాన్ని ఎవరో మళ్లీ కెలికారు. అది 1911 జూలై 13న, కైర్‌నార్వన్ కోట లోపలి పచ్చిక మీద జరిగింది.

ఆ రోజు అయిదో జార్జి రాజు పదిహేడేళ్ల కొడుకు ఎడ్వర్డ్‌కు కిరీటం పెట్టి, వేలికి ఉంగరం తొడిగి, చేతికి బంగారు దండం ఇచ్చి, కోట ద్వారం వద్ద జనానికి చూపించాడు. తరతరాలుగా వస్తున్న ఆచారమని దాన్ని ప్రచారం చేశారు. నిజానికి 1616 తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ల పాటు బహిరంగంగా ఇలాంటి పట్టాభిషేకం జరపడమే మానేశారు. అంతకుముందు జరిగినవి కూడా ఇంగ్లండ్‌లోనే జరిగేవి. కైర్‌నార్వన్‌లో ఒక్కటీ జరగలేదు. అంటే 1911 నాటిది పునరుద్ధరణ కాదు, కొత్తగా కల్పించిన తంతు. ఆలోచన సెయింట్ ఆసఫ్ బిషప్‌ది. దాన్ని నడిపించిన చెయ్యి మాత్రం డేవిడ్ లాయిడ్ జార్జిది.

లాయిడ్ జార్జి అప్పటికి బ్రిటన్ ఆర్థిక మంత్రి. కైర్‌నార్వన్ ప్రాంతం నుంచి 1890 నుంచీ ఎంపీ. 1908 నుంచి ఆ కోటకు కాన్‌స్టేబుల్ కూడా. మనకు ఆ మాట వినగానే పోలీసు గుర్తొస్తాడు గానీ, అక్కడ దాని అర్థం ఖిల్లేదారు. 1909 బడ్జెట్‌తో ప్రభువుల మీద పన్నులు వేసి, ప్రభువుల సభతో రెండేళ్లుగా పోరాడుతూ, సంపన్నుల పాలిట శత్రువుగా పేరు పడిన మనిషి, తన నియోజకవర్గంలోని కోటకు రాజకుటుంబాన్ని రప్పించి తన పక్కన నిలబెట్టుకున్నాడు. వెల్ష్ మాతృభాషగా పెరిగిన ఆయనే యువరాజుకు డౌనింగ్ స్ట్రీట్‌లో కూర్చోబెట్టి రెండు ముక్కలు వెల్ష్ నేర్పాడు. వాటిలో ఒకటి "మోర్ ఓ గాన్ యూ కమ్రి ఇ గీద్", అంటే వేల్స్ అంతా పాటల సముద్రం. పొగడ్తకు లోటు లేని వాక్యం, హక్కుల ఊసు లేని వాక్యం.

పట్టాభిషేకం పొందవలసిన కుర్రవాడికి ఇది నచ్చలేదు. తెల్ల శాటిన్ బిగుతు పంట్లాము, బొచ్చు అంచులున్న ఊదా మఖమల్ అంగీ తొడుక్కోమన్నప్పుడు, నౌకాదళంలో ఉన్న తన స్నేహితులు చూస్తే నవ్విపోతారని ఇంట్లో పేచీ పెట్టాడు. తల్లి బుజ్జగిస్తే గానీ ఒప్పుకోలేదు. కిరీటాన్నీ దండాన్నీ వేల్స్ శిల్పి గోస్కోమ్ జాన్ రూపకల్పన చేశాడు. బంగారం కూడా వేల్స్ గనులది. శిల్పి మనవాడు, బంగారం మనది, భాష మనది, అలాంటప్పుడు అవమానం ఎక్కడుందని ఈ వేడుకను సమర్థించేవారు నేటికీ అడుగుతారు. జనం బారులు తీరి వచ్చారన్నదీ, ఊరు ఆ రోజు సంబరంగానే గడిపిందన్నదీ కాదనలేని మాటే.

అయితే ఆ రోజు యువరాజు బిరుదులను చదివి వినిపించిన హోంమంత్రి ఎవరో చూడాలి. ఆయన విన్‌స్టన్ చర్చిల్. ఎనిమిది నెలల ముందు, 1910 నవంబరులో, దక్షిణ వేల్స్‌లోని టోనీపాండీలో బొగ్గు గని కార్మికులు సమ్మె చేసి పోలీసులతో తలపడినప్పుడు ఆ ప్రాంతానికి సైన్యం కదిలింది ఆయన హయాంలోనే. కోటలో బాకాలు మోగే నాటికి ఆ సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. పట్టాభిషేకం జరిగిన అయిదు వారాలకు, ఆగస్టు 19న, లనెల్లీలో రైల్వే సమ్మె సందర్భంగా సైనికులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. మెర్తిర్ ఎంపీ కీర్ హార్డీ స్వయంగా స్కాట్లండ్ మనిషి. అయినా దేశాభిమానం ఉన్న ప్రతి వెల్ష్‌వాడూ సిగ్గుతో తల దించుకోవలసిన తంతు ఇది అని ఆనాడే బహిరంగంగా అన్నాడు. ఈ కోటల మీద అభ్యంతరం ఈ మధ్య సోషల్ మీడియాలో పుట్టిందని అనుకునేవారు ఆయన మాటను గుర్తు పెట్టుకోవడం మంచిది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేదీ పరిచయమే. ఇదే అయిదో జార్జి ఇదే ఏడాది డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో కొలువు తీరి, రాజధానిని కలకత్తా నుంచి మార్చుతున్నట్టు ప్రకటించాడు. మధ్యలో గడిచింది అయిదు నెలలే. పాత కోట, పాత రాజధాని, అంతకన్నా పాతదని నమ్మించే కొత్త ఆచారం: రెండు చోట్లా సరంజామా ఒక్కటే.

తంతుకు ఒక పుక్కిటి పురాణం కూడా తోడైంది. ఇంగ్లిషు ఒక్క ముక్క రాని ప్రభువునే ఇస్తానని మొదటి ఎడ్వర్డ్ రాజు వెల్ష్ పెద్దలకు మాట ఇచ్చి, కైర్‌నార్వన్‌లో అప్పుడే పుట్టిన తన బిడ్డను ఎత్తి చూపించాడన్నది ఆ కథ. అది 16వ శతాబ్దంలో గానీ రాతలోకి రాలేదు. బిడ్డ 1284 ఏప్రిల్ 25న అక్కడ పుట్టిన మాట వాస్తవం. కాని అప్పటికి ఆల్ఫాన్సో అనే అన్న బతికే ఉన్నాడు, వారసుడు అతనే. ఆ అన్న ఆగస్టులో చనిపోయాడు. తమ్ముడికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బిరుదు దక్కింది 1301లో, పదహారేళ్ల వయసులో. ఈగిల్ టవర్ అనే పెద్ద బురుజులో పుట్టిన గది ఇదేనంటూ ఒక చిన్న గదిని చాలాకాలం యాత్రికులకు చూపించారు. నిర్మాణ ఖర్చుల చిట్టాలను 19వ శతాబ్దంలో వెలికితీసి చూస్తే, ఆ బురుజు పూర్తయ్యేనాటికి ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై తానే రాజై ఉన్నాడని తేలింది.

కోటను దగ్గరగా చూసినవారికి ఇంకో సంగతి కూడా కనపడుతుంది. ప్రధాన ద్వారం లోపలి వైపు నిలబడి తల ఎత్తితే, గోడ అంచున రాళ్లు ఒకటి విడిచి ఒకటి పళ్లలా బయటికి పొడుచుకొని ఉంటాయి. పక్కన కట్టబోయే గోడను అతికించడానికి మేస్త్రీలు వదిలిన రాళ్లవి. ఆ గోడ ఎన్నడూ లేవలేదు. 1294లో మాడోగ్ నాయకత్వంలో తిరగబడిన వెల్ష్ జనం కట్టుబడి మధ్యలో ఉన్న ఈ కోటలోకి చొరబడి ఊరిని తగలబెట్టారు. దాని తర్వాత 1295లో మొదలుపెట్టిన బోమారిస్‌లో పని చేయించిన మాస్టర్ జేమ్స్, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఖజానాకు రాసిన లేఖలో 400 మంది తాపీ పనివారు, 2,000 మంది కూలీలు ఉన్నారని, వారికి జీతాల బకాయి పేరుకుపోయిందని మొరపెట్టుకున్నాడు. ఆ కోటా అసంపూర్తిగానే మిగిలింది. విజయ చిహ్నాలుగా 1911లో ముస్తాబు చేసినవి నిజానికి డబ్బు చాలక ఆగిపోయిన కట్టడాలు.

1911 లేకపోతే 1969 లేదు. ఆ ఏడాది జూలై 1న చార్లెస్‌కు అదే కోటలో అదే తంతు జరిపారు. తేడా ఏమిటంటే, ఈసారి వేల్స్ మారిపోయింది. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రివెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెను ముంచేసి నాలుగేళ్లే అయింది. వెల్ష్ జాతీయ పార్టీ ప్లయిడ్ కమ్రి 1966లో తొలి పార్లమెంటు స్థానం గెలిచింది. లండన్‌లోని లేబర్ ప్రభుత్వానికి ఈ వేడుక అవసరం అందుకే పడింది. చార్లెస్‌ను కొన్ని వారాలు అబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయానికి పంపి వెల్ష్ నేర్పించారు. నేర్పిన అధ్యాపకుడు ప్లయిడ్ కమ్రి మనిషి కావడం విచిత్రం. 1911 కిరీటాన్ని, రాజ్యం వదులుకొని వెళ్లిన ఎడ్వర్డ్ వెంట తీసుకుపోవడంతో కొత్తది చేయించాల్సి వచ్చింది. దాని పైనున్న గోళం లోపల ఉన్నది బంగారు పూత పూసిన పింగ్‌పాంగ్ బంతి.

నవ్వుకోవడానికి అది బాగానే ఉంది గాని, ముందు రోజు రాత్రి అబెర్గెలేలో బాంబు చేతిలోనే పేలి ఇద్దరు చనిపోయారు. వేడుక ముగిసిన కొన్ని రోజులకు, పేలకుండా మిగిలిన మరో బాంబు కైర్‌నార్వన్‌లోనే ఒక పదేళ్ల పిల్లవాడి కాలు తీసేసింది. వెల్ష్ జనంలో ఎక్కువ మంది ఆ పట్టాభిషేకాన్ని ఇష్టంగానే చూశారని ఆనాటి సర్వేలు చెప్పాయి. వ్యతిరేకించినవారిలోనూ అత్యధికులు బాంబుల వాళ్లు కారు, విద్యార్థులు, పాఠశాల ఉపాధ్యాయులు, చర్చి పెద్దలు. ఇళ్లలో తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేసిన సంవత్సరంగా దాన్ని ఉత్తర వేల్స్‌లో పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ వరుసలో పెట్టి చూస్తేనే 2017 నాటి ఫ్లింట్ గొడవ అర్థమవుతుంది. ఎడ్వర్డ్ 1277లో వేల్స్‌లో మొదట మొదలుపెట్టిన కోటల్లో ఫ్లింట్ ఒకటి. దాని పక్కన తుప్పు రంగు ఉక్కుతో, భూమిలో సగం దిగబడిన కిరీటంలాంటి భారీ వలయాన్ని 3,95,000 పౌండ్లతో నిలబెడతామని ఆ ఏడాది జూలైలో వేల్స్ ప్రభుత్వం ప్రకటించింది. కిరీటాలు నిలకడ లేనివని చెప్పడమే దాని ఉద్దేశమని, 1399లో రెండో రిచర్డ్ రాజు ఆ కోటలోనే చిక్కి రాజ్యం పోగొట్టుకున్నాడని రూపకర్తలు వివరించారు. వివరణ చెడ్డది కాదు. కాని వెల్ష్ జనానికి "ఇనుప కడియం" అనగానే గుర్తొచ్చేది తమ మెడ. పదివేలు దాటి సంతకాలు వచ్చాయి. సెప్టెంబరులో పథకాన్ని విరమించుకున్నారు. మరుసటి ఏడాది సెవెర్న్ నది మీది రెండో వంతెనకు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరు పెట్టినప్పుడు మాత్రం ముప్పై వేలకు పైగా సంతకాలొచ్చినా బ్రిటన్ ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

మరోపక్క వాదన పర్యాటకానిది. ఎడ్వర్డ్ కోటలు నాలుగింటిని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని చూసుకునే కాడూ సంస్థ 1984 నుంచి ఉంది. వెల్ష్‌లో ఆ మాటకు కాపాడడం అని అర్థం. హోటళ్లు, దుకాణాలు, గైడ్లు వాటి మీదే బతుకుతారని ఈ పక్షం అంటుంది. అది నిజమే. రాళ్లను నిందించి ఏం లాభమన్న మాటా సబబే. అయితే అభ్యంతరం చెప్పేవారెవరూ కోటలు కూల్చమనడం లేదు. లెవెలిన్ వంశం కట్టుకున్న డోల్‌బడార్న్, డోల్‌విదెలాన్, కస్టెల్ ఎ బేరే కోటల పేర్లు ఎంతమంది యాత్రికులకు తెలుసని అడుగుతున్నారు. డోల్‌బడార్న్ ఓడిపోయాక దాని కలపను 1284లో కైర్‌నార్వన్ కట్టుబడికి మోసుకుపోయారు. లెవెలిన్ చావడిని ఊడదీసి ఈ కోటలోకి తెచ్చారు. గెలిచినవాడి కోటకు టికెట్టు కొనేవారు, ఓడినవాడి దూలం ఎటు పోయిందో తెలుసుకోవాలన్నది వారి కోరిక.

అది కొంత చెవికెక్కినట్టే ఉంది. 2023లో యాభై లక్షల పౌండ్ల ఖర్చుతో కైర్‌నార్వన్ ప్రధాన ద్వారాన్ని బాగుచేసి, లిఫ్టు పెట్టి, చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా పై అంతస్తుకు వెళ్లే వీలు కల్పించినప్పుడు, అక్కడి ప్రదర్శనలో రాజు కన్నా కోటను కట్టిన చేతులకు ఎక్కువ చోటు ఇచ్చారు. ఒకప్పుడు వెల్ష్ వాళ్లను ఊరి గోడల లోపల కాపురం ఉండనివ్వని ఆ పట్టణంలో ఈనాడు పదిమందిలో ఎనిమిది మందికి పైగా వెల్ష్ మాట్లాడతారు. టికెట్టు కౌంటరులో మొదట వినపడే పలకరింపు ఆ భాషలోనే.

కోట నుంచి బయటికి వస్తే ఎదురుగా ఊరి కూడలి. అక్కడ లాయిడ్ జార్జి కాంస్య విగ్రహం పిడికిలి బిగించి, ఉపన్యాసం మధ్యలో ఆగినట్టు నిలబడి ఉంటుంది. 1921లో పెట్టిన ఆ విగ్రహాన్ని చేసింది పదేళ్ల ముందు యువరాజు కిరీటానికి రూపం ఇచ్చిన గోస్కోమ్ జానే.