కంపెనీకి పూచీ ఎవరు?

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలు తగ్గిన తర్వాత చెన్నై ఉత్తరాన ఎన్నూరు క్రీక్ నీటిపై నల్లటి చమురు తెట్టు కట్టింది. జాలర్లే తమ పడవల మీద వెళ్ళి, మగ్గులతో, బకెట్లతో దాన్ని తోడి పీపాల్లో పోశారు. ఆ చమురు ప్రభుత్వ రంగంలోని చెన్నై పెట్రోలియం ఆవరణ నుంచే వచ్చిందని కాలుష్య నియంత్రణ మండలి చెప్పగా, తమ పైపులైన్లు ఎక్కడా లీకు కాలేదని ఆ సంస్థ అన్నది. అదే నెల 26 అర్ధరాత్రి కోరమాండల్ ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగున వేసిన గొట్టం నుంచి అమ్మోనియా వెలువడటంతో, పెరియకుప్పం, చిన్నకుప్పం ప్రజలు చీకట్లోనే రోడ్డెక్కారు. పెద్ద సంస్థ ఏమి చెప్పినా ముందు అనుమానించి తర్వాత వినే అలవాటు ఇక్కడి జనానికి ఆ నెలలోనే వచ్చింది కాదు.

అసలు ఈ నగరం పుట్టిందే ఒక కంపెనీకి ఇచ్చిన పట్టాతో. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకునే, నాణేలు ముద్రించుకునే అధికారంతో పాటు సుంకంలో సగం వాటా కూడా రాసిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వెలసిందని తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం గానీ, పాలకుడు చేయవలసిన పనులు ఆ పట్టాతోనే వ్యాపారుల చేతికి పోయాయన్న సంగతిని అంతగా తలచుకోము.

కంపెనీ పాలన పోయి అరవై ఏళ్ళయిన తర్వాత, కంపెనీ ఎవరికి జవాబు చెప్పాలన్న ఇదే ప్రశ్న పెరంబూరులో మళ్ళీ లేచింది. అక్కడ బిన్నీ కంపెనీకి బకింగ్‌హామ్, కర్నాటిక్ అని రెండు బట్టల మిల్లులుండేవి. మిల్లు దగ్గరలోని సెల్వపతి చెట్టియార్ దుకాణానికి వచ్చే కార్మికులు తమ కష్టాలు చెప్పుకునేవారు: భోజనానికి ఇచ్చే సమయం చాలదు, మేస్త్రీలు తిడతారు, కొడతారు. ఆయనా, రామానుజులు నాయుడూ పూనుకొని, బి.పి. వాడియా అధ్యక్షుడిగా 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్‌ను స్థాపించారు. 1920లో లాకౌట్ ప్రకటించిన కంపెనీ అంతటితో ఆగకుండా, కార్మికులను రెచ్చగొట్టి తనకు నష్టం కలిగించారంటూ వాడియా మీదా, ఇతర నాయకుల మీదా మద్రాసు హైకోర్టులో దావా వేసింది. మిల్లు తలుపులు మూసినవారికే కోర్టు రక్షణగా నిలిచి, నాయకులపై నిషేధాజ్ఞ ఇచ్చింది. చివరికి వాడియా సంఘంతో సంబంధం వదులుకుంటానని ఒప్పుకున్నాక గానీ కంపెనీ దావా ఉపసంహరించుకోలేదు. 1921లో మళ్ళీ సమ్మె మొదలై నెలల తరబడి సాగింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కార్మికులలో కులాల మధ్య చీలిక తెచ్చి సమ్మెను విరిచారు. ఈ దావా కలిగించిన ఆందోళనతోనే సంఘాలకు చట్టరక్షణ కావాలన్న మాట కేంద్ర శాసనసభ దాకా వెళ్ళి, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. కార్మికుడు కంపెనీకి జవాబు చెప్పాలన్నది అప్పటికే చట్టంలో ఉండగా, కంపెనీ కార్మికుడికి జవాబు చెప్పాలన్నదానికి ఇంతటి పోరాటం కావలసి వచ్చింది. ఆ మిల్లులు 1996లో మూతపడ్డాయి. ఇప్పుడు ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి.

1984 డిసెంబరు భోపాల్ విషవాయువు తర్వాత ఈ అనుమానం దేశమంతటిదీ అయింది. ఆ కర్మాగారం తాలూకు అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ అధిపతి ఆండర్సన్‌ను అరెస్టు చేసిన కొద్ది గంటల్లోనే వదిలిపెట్టారు. ఆయన మళ్ళీ విచారణకు రాలేదు. 1989లో 47 కోట్ల డాలర్లతో పరిష్కారం కుదిరింది.

కర్మాగారం మీద అనుమానం ప్రభుత్వం మీదికి కూడా పాకడం ఆ తర్వాతి దశ, నా దృష్టిలో మరింత లోతైనది. కంపెనీలు పార్టీలకిచ్చే విరాళానికి మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతమని ఉన్న పరిమితిని 2017లో తొలగించారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చి ఇచ్చినవారి పేర్లు కూడా కనపడకుండా చేశాయి. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఈ రెండింటినీ కొట్టివేసింది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో మామూలు ఓటరు చదువుకోగలిగింది ఆ మార్చి నెలలోనే.