బందరు జాతీయ కళాశాల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ దాకా: పని చేస్తూ చదివే బీఏ వెనక కథ

డిగ్రీ అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, ఈ మధ్య ఒకటే మాటలు వినపడుతున్నాయి, మల్టీడిసిప్లినరీ అట, అంటే వేర్వేరు సబ్జెక్టులు కలగలిపి చదవడం, ప్రాజెక్టులట, ఇంటర్న్‌షిప్పులట, బీఏ చదివినా చేతికి పని వస్తుందట. ప్రైవేటు యూనివర్సిటీల బ్రోచర్లు తిరగేస్తే ఫిలాసఫీ పిల్లలు కోడింగ్ చేస్తారు, కోడింగ్ పిల్లలు నాటకం వేస్తారు, అందరూ కలిసి ఏదో ఊరెళ్లి అక్కడి చెరువు మీద రిపోర్ట్ రాస్తారు. ఇదంతా 2020 జాతీయ విద్యా విధానంతోనే పుట్టిందని, అంతకుముందు మనకి ఇలాంటి ఆలోచనే లేదని చాలామంది అనుకుంటున్నారు. కానీ మన దగ్గర ఈ ప్రయత్నానికి వందేళ్లకి పైగా వయసుంది, అదీ ఎక్కడో కాదు, బందర్లో. మధ్యలో ఇది చాలాసార్లు మొలిచింది, చాలాసార్లు ఎండింది, ఎండినప్పుడు ఎక్కువసార్లు కారణం సిలబస్ కాదు, చేతిలో పెట్టే సర్టిఫికెట్. ఆ పట్టా ఎక్కడ చెల్లుతుంది, ఎవరు లెక్కలోకి తీసుకుంటారు అన్నదాని దగ్గరే వ్యవహారమంతా ఆగిపోయింది.

ముందు 1857కి వెళ్లాలి. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు ఆ ఏడాదే పెట్టారు, లండన్ యూనివర్సిటీ మోడల్లో. మొదట్లో ఇవి పాఠాలు చెప్పేవి కావు, పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చేవి అంతే, పాఠాలు చెప్పడం అఫిలియేటెడ్ కాలేజీల పని. అంటే మన దగ్గర యూనివర్సిటీ అనేది పుట్టడమే ఒక పరీక్షల ఆఫీసుగా పుట్టింది. పరీక్షలో రాయగలిగిందే చదువు, రాయలేనిది ఏదైనా సరే టైంపాస్. మనవాళ్లు బీఏని గుమస్తా ఉద్యోగానికి టికెట్‌గా చూశారని తిడతాం గానీ, ఆ ఏర్పాటే అలా ఉన్నప్పుడు జనం ఇంకెలా చూస్తారు?

దీని మీద మొదటి పెద్ద తిరుగుబాటు స్వదేశీ ఉద్యమం టైంలో వచ్చింది. 1905లో బెంగాల్ విభజన, 1906లో కలకత్తాలో సర్కారుకి బయట చదువు నడపడానికి నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ఎడ్యుకేషన్, 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రా టూర్. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు అన్నీ తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, రాజమండ్రిలో ఆయన మాటల్ని తెలుగు చేసి చెప్పింది చిలకమర్తి. ఆ వేడిలోనే రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని వందేమాతరం గొడవలో బయటికి పంపేశారు. సర్కారు కాలేజీ వద్దనుకుంటే మరి ఎక్కడ చదవాలి అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది, దానికి బందరు ఇచ్చిన జవాబే 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఈ ముగ్గురి పేర్లు కలిపే చెప్తారు. ఇందులో హనుమంతరావు కథ వేరు, ఎమ్మే, బీఎల్ చదివి లాయరుగా హాయిగా బతకాల్సిన మనిషి మొత్తం జీవితం ఆ కాలేజీకే పెట్టేసి 1922లో పోయాడు. అక్కడ పుస్తకాల చదువుతో పాటు వర్క్‌షాపు, నేత ఉండేవి, తర్వాత చిత్రకళ వచ్చింది. జెండా రూపకర్తగా మనకి తెలిసిన పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పాడు. బెంగాల్ నుంచి ప్రమోద కుమార్ చటర్జీ వచ్చి బొమ్మలు నేర్పాడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో అడివి బాపిరాజు ఒకడు, తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు. కవి, నవలాకారుడు, చిత్రకారుడు, ప్రిన్సిపాల్, అన్నీ ఒకే మనిషి. ఇప్పటి బ్రోచర్లలో ఇంటర్‌డిసిప్లినరీ అని పెద్ద అక్షరాల్లో రాసుకునేది ఇదే కదా.

బాపిరాజు అంతకుముందు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివాడు, అక్కడ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. దామెర్ల రామారావులో బొమ్మలేసే ప్రతిభ కనిపెట్టి బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్లేలా చేసింది కూడా ఈయనే. అంటే సర్కారు కాలేజీలో కూడా కళ ఉంది, కానీ సిలబస్‌లో కాదు, ఒక ప్రిన్సిపాల్ గారి ఇష్టంలో ఉంది. ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయాక అదీ లేదు. బందరు వాళ్లు చెయ్యాలనుకున్నది ఈ ఇష్టాన్ని టైంటేబుల్లోకి ఎక్కించడం.

కానీ మద్రాసు యూనివర్సిటీ ముద్ర లేని చదువుతో సర్కారు ఉద్యోగం రాదు, ప్లీడరీ రాదు. ఉద్యమం వేడి మీద ఉన్నంతకాలం పిల్లల్ని పంపినవాళ్లు అది చల్లారగానే లెక్కలేసుకోవడం మొదలెడతారు, దాన్ని తప్పు పట్టడానికీ లేదు, అప్పులు చేసి చదివించే ఇంట్లో దేశభక్తి ఎన్నాళ్లని జీతం బదులు సరిపోతుంది? సొంతంగా నిలబడాలనుకున్న ఆ కళాశాల కూడా చివరికి యూనివర్సిటీ పద్ధతిలో నడిచే మామూలు డిగ్రీ కాలేజీ అయింది, బందర్లో ఇప్పటికీ ఉంది.

ఇంచుమించు అదే కాలంలో బెంగాల్‌లో టాగోర్ శాంతినికేతన్ ఉంది. 1901లో చిన్న స్కూలుగా మొదలై 1921లో విశ్వభారతి అయింది, నందలాల్ బోస్ కళాభవన్, పక్కనే 1922లో లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ సాయంతో శ్రీనికేతన్, అక్కడ వ్యవసాయం, చేతిపనులు, ఊళ్ల బాగు. మనకి దీనితో చుట్టరికం బానే ఉంది. 1919లో టాగోర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో బస చేసి జనగణమనని ఇంగ్లీషులోకి తెచ్చింది చాలామందికి తెలుసు. మనవాళ్లు అటు వెళ్లి చదివింది తక్కువమందికి తెలుసు, బెజవాడ గోపాలరెడ్డి అక్కడి స్టూడెంటే, హైదరాబాద్ నుంచి వెళ్లిన కొండపల్లి శేషగిరిరావు కూడా. విశ్వభారతి 1951లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, అంటే పట్టాకి విలువ వచ్చింది, దాంతో పాటే పరీక్షలు, రూల్సు, ఫైళ్లు కూడా వచ్చాయి. ఒకటి తీసుకుంటే రెండోది కూడా తీసుకోవాల్సిందే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే ఘట్టం, దీని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయరు కూడా. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో యూనివర్సిటీల మీద కేంద్రం ఒక కమిషన్ వేసింది, చైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్, అంటే 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషి. పది మంది మెంబర్లలో జాకిర్ హుసేన్ ఉన్నాడు, 1937లో వార్ధాలో గాంధీ చెప్పిన నయీ తాలీమ్‌కి ప్లాన్ గీసిన కమిటీ ఈయనదే, అందులో రాట్నమో మగ్గమో ఏదో ఒక చేతిపని మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ లెక్కలు, భాష, సైన్స్ చెప్పాలి. ఇంకో మెంబర్ ఆర్థర్ మోర్గాన్ అనే అమెరికన్. వరదలు ఆపే కట్టడాల ఇంజినీరు, 1920లో ఒహాయోలో ఆంటియాక్ అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి, అంటే ఒక్క వృత్తికే కాకుండా సాహిత్యం, చరిత్ర, సైన్స్ అన్నీ కలిపి చెప్పే కాలేజీకి, ప్రెసిడెంట్ అయి, పిల్లలు కొన్ని వారాలు క్లాసులో, కొన్ని వారాలు ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో జీతానికి పని చేసే పద్ధతి పెట్టాడు. ఇప్పుడు అమెరికాలో మన పిల్లలు కో-ఆప్ అని చెప్పుకునే పద్ధతిని లిబరల్ ఆర్ట్స్ చదువులోకి తెచ్చి పేరు తెచ్చుకున్న కాలేజీ అది. ఆ తర్వాత టెనెస్సీ వ్యాలీ అథారిటీకి మొదటి చైర్మన్ కూడా ఈయనే.

వాల్తేరు, వార్ధా, ఆంటియాక్, మూడూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నాయి. 1949 రిపోర్టులో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, సైన్స్ వాళ్లకి చరిత్ర, సాహిత్యం, ఆర్ట్స్ వాళ్లకి సైన్స్ తెలియాలి, దానికి జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు పెట్టాలని. రెండు, ఊళ్ల అవసరాల చుట్టూ, పని చేస్తూ చదివే గ్రామీణ విశ్వవిద్యాలయాలు రావాలని, ఇందులో మోర్గాన్ చెయ్యి బాగా కనపడుతుంది.

మొదటిదాన్ని చాలా యూనివర్సిటీలు 1950ల్లో, 60ల్లో పెట్టి చూశాయి, మెయిన్ సబ్జెక్టు కాదు కాబట్టి చెప్పేవాళ్లకీ చదివేవాళ్లకీ పట్టలేదు, మెల్లగా జారిపోయింది. రెండోది కాస్త ముందుకెళ్లింది, 1956 నుంచి రూరల్ ఇన్‌స్టిట్యూట్లు పెట్టారు, తమిళనాడులో గాంధీగ్రామ్, ఢిల్లీలో జామియా, శ్రీనికేతన్ వగైరా. వీటిలో ఇచ్చింది రూరల్ సర్వీసెస్ డిప్లొమా, డిగ్రీ కాదు. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. గాంధీగ్రామ్ 1976లో డీమ్డ్ యూనివర్సిటీ, అంటే సొంతంగా డిగ్రీలివ్వగలిగే సంస్థ, అయింది, మిగతావి కూడా చాలావరకు మామూలు దారిలోకి వచ్చేశాయి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. చేతిపని చదువు అనగానే అందరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టకపోవడానికి గట్టి కారణముంది. తరతరాలుగా మగ్గం ముందు కూర్చున్న ఇంటి పిల్లాడు బడికి వచ్చేదే మగ్గం నుంచి బయటపడటానికి, వాడికి బడిలో కూడా మగ్గమే చూపిస్తే ఎలా ఉంటుంది? 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఊరి బడుల్లో పూట చదువు, మిగతా పూట ఇంటి వృత్తి అనే స్కీమ్ తెచ్చాడు, ఆంధ్ర విడిపోవడానికి కొన్ని నెలల ముందు. కులవృత్తి చదువు అని జనం భగ్గుమన్నారు, 1954లో ఆయన కుర్చీ దిగాల్సి వచ్చింది. అది బడి సంగతే, యూనివర్సిటీ సంగతి కాదు, కానీ పని అనే మాట మీద అనుమానం అక్కడి నుంచి పోలేదు. పుట్టుకతో పని చేతిలో ఉన్నవాడికీ, పని అంటే సరదా ప్రాజెక్టు అయినవాడికీ హ్యాండ్స్-ఆన్ అనే మాట ఒకేలా వినపడదు, ఇప్పటికీ అంతే.

తర్వాత కొన్ని దశాబ్దాలు తొందరగా దాటేయొచ్చు. దేశం మొత్తం చదువు మీద వేసిన కొఠారీ కమిషన్ 1964-66లో చదువులో పని అనుభవం ఉండాలంది, 1969లో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వచ్చింది, కాలేజీల్లో అది చెట్లు నాటే ఆదివారంగా మిగిలింది. ఇంటర్మీడియట్‌తో పదిహేనేళ్లకే పిల్లలు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అని నాలుగు ముక్కలైపోయారు. 1990ల నుంచి ఇంజినీరింగ్ గాలి, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్, దాంతో బీఏ అంటే సీటు రానివాళ్ల చదువు అయి కూర్చుంది. విచిత్రమేంటంటే అదే టైంలో లిబరల్ ఆర్ట్స్ టెక్నికల్ క్యాంపస్‌లలో బతికింది. ఐఐటీల్లో హ్యుమానిటీస్ మొదట్నుంచీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో అయితే లిబరల్ ఆర్ట్స్ పేరుతో డిపార్ట్‌మెంటే ఉంది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌తో భాషాశాస్త్రాన్ని కలిపి చదువుకోవచ్చు. జిల్లా డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే ఇంజినీరింగ్ క్యాంపస్‌లో ఫిలాసఫీ క్లాసు నిండుతుంది.

2010ల్లో కొత్త రౌండ్ మొదలైంది. 2013లో ఢిల్లీ యూనివర్సిటీ నాలుగేళ్ల డిగ్రీ పెట్టింది, అందరికీ కామన్ ఫౌండేషన్ కోర్సులు, ప్రాజెక్టులు, గొడవ గొడవై 2014లో ఎత్తేశారు. అదే 2014లో హర్యానాలో అశోకా అనే ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీ మొదలైంది, మన వైపు శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ 2018లో వచ్చింది, రాయలసీమ అంచున, తడ దగ్గర. చదువు బాగుంటుంది, ఫీజు లక్షల్లో ఉంటుంది, స్కాలర్‌షిప్పులున్నా చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్లో ఆ గేటు దాటేది ఎంతమందో ఊహించుకోవచ్చు.

మామూలు పిల్లల దాకా వచ్చిన మార్పు ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది, 2020-21 నుంచి. డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. దీన్ని ఎగతాళి చేసేవాళ్లు ఎక్కువ గానీ నాకైతే ఇది చిన్న విషయంగా అనిపించదు. బందరు వాళ్లకి దొరకనిది, రూరల్ ఇన్‌స్టిట్యూట్లకి దొరకనిది ఇక్కడ దొరికింది, పనికి క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తవడానికి లెక్కలోకొచ్చే పాయింట్లు, వచ్చాయి, అవి గుర్తింపున్న డిగ్రీలో కలిశాయి. కాకపోతే క్రెడిట్ ఉన్నచోట ఫార్మాట్ ఉంటుంది, ఫార్మాట్ ఉన్నచోట జిరాక్స్ షాపు ఉంటుంది. లాగ్‌బుక్ నింపి సంతకం పెట్టించుకుంటే అయిపోతుంది, సర్వే రిపోర్టు సీనియర్ది ఊరు పేరు మార్చి ఇస్తే అయిపోతుంది అనే కంప్లైంట్ ఇప్పుడు మామూలైపోయింది. గైడ్ చేయాల్సిన లెక్చరర్‌కి అన్ని క్లాసుల మధ్య ఊరెళ్లి చూసొచ్చే టైమూ లేదు, టీఏ లేదు. మంచి లెక్చరర్ దొరికిన చోట మాత్రం పిల్లలు నీళ్ల మీదో, రేషన్ మీదో నిజంగానే తిరిగి రాస్తున్నారు, అంటే మళ్లీ కూల్డ్రే దొర కాలం లాగా ఒక మనిషి ఇష్టం మీదే నడుస్తోంది.

ఇంకో తమాషా, 2023-24 నుంచి ఏపీలో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి తీసి సింగిల్ మేజర్, దానికో మైనర్ అన్నారు, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, పక్కన ఇంకో చిన్న సబ్జెక్టు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ సమానంగా చదివే పాత బీఏ, ఎంత బోరుగా చెప్పినా సరే, స్వభావంలో అది కలగలుపు చదువే. మల్టీడిసిప్లినరీ అని బోర్డు పెట్టుకున్న టైంలోనే అది పోయింది. ఇంటర్ గ్రూపుల గోడలు మాత్రం అప్పటికి కదల్లేదు, హెచ్ఈసీ చదివిన అమ్మాయి డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవాలంటే కష్టమే. ఇక గ్రూప్-1, గ్రూప్-2 నోటిఫికేషన్లకి ఏదైనా డిగ్రీ చాలు, పది నెలలు ఊళ్లలో తిరిగినవాడికీ తిరగనివాడికీ అదే పేపర్, దానికోసం హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అశోక్‌నగర్ రూముల్లో పిల్లలు చరిత్ర, ఎకానమీ, జాగ్రఫీ, సైన్స్ అండ్ టెక్నాలజీ అన్నీ కలిపి మెటీరియల్ చూసి చదువుతున్నారు.