ఒంటి మీద కుట్లు, ఒళ్లో పసిబిడ్డ: అపోహలు, వాస్తవాలు

ప్రసూతి వైద్యురాలిగా నేను ఎక్కువగా చూసేది సిజేరియన్ అయిన తల్లులను. కాన్పయిన కొన్ని నెలలకే పిత్తాశయంలో రాళ్లకో, హెర్నియాకో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చేవాళ్లూ ఉంటారు. అందరి టెన్షనూ ఒకటే: బిడ్డ పనులు నేను ఎంతవరకు చేసుకోవచ్చు? చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు మంచం దిగొద్దంటారు. ఇంకొందరు కుట్లు మానాయిగా, లేచి పని చూసుకోమంటారు. ఈ రెండు మాటలూ తల్లికి చేటే.

అపోహ: పైన కుట్లు ఆరితే లోపలా మానినట్టే.

చర్మం 7 నుంచి 10 రోజుల్లో అతుక్కుంటుంది. దాని కింద పొట్టను పట్టి ఉంచే గట్టి పొర మాత్రం బలం పుంజుకోవడానికి వారాలు పడుతుంది. సిజేరియన్‌లో గర్భాశయం మీద కూడా కోత ఉంటుందని చాలామందికి గుర్తుండదు. అందుకే సుమారు 6 వారాల పాటు పసిబిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దని చెబుతాం. 3 కిలోల బిడ్డను ఎత్తుకోవడంలో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నేల మీదికి వంగి, నడుము తిప్పి ఎత్తడంలో ఉంది. బిడ్డ పక్క, గుడ్డలు, డైపర్లు అన్నీ మీ నడుము ఎత్తుకు తెచ్చుకోండి.

రెండేళ్ల పెద్దబిడ్డ 'ఎత్తుకో' అని చేతులు చాస్తే తల్లి మనసు ఆగదు. అప్పుడు మీరే కూర్చోండి. పక్కకు ఎక్కి రమ్మనండి, ఎక్కాక దగ్గరికి తీసుకోండి. వాడికి కావలసింది మీ స్పర్శే.

మంచం మీద నుంచి లేచే తీరు మాత్రం నేను ప్రతి తల్లితో దగ్గరుండి చేయిస్తాను. వెల్లకిలా పడుకుని తిన్నగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా పక్కకు తిరగాలి. కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతి మీద, అరచేతి మీద బరువు మోపి లేవాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి. పాలిచ్చేటప్పుడు బిడ్డ కాళ్లు కుట్లకు తగలకుండా, పక్కన దిండు మీద పడుకోబెట్టి చంక కింద పట్టుకోవచ్చు. ఒత్తిగిలి పడుకుని కూడా ఇవ్వొచ్చు.

అపోహ: మత్తు తీసుకున్నాక పాలు పిండి పారబోయాలి. నొప్పి మాత్రలు వేసుకుంటే పాలివ్వకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. దీనికి భయపడి మాత్ర మానేసి, నొప్పితో వణుకుతూ కూర్చున్న తల్లులను చూస్తుంటాను. సాధారణంగా తల్లికి తెలివి వచ్చి, బిడ్డను పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలలోకి చాలా తక్కువగా చేరతాయి. డాక్టరు చెప్పిన వేళకు వేసుకోండి, నొప్పి ముదిరేదాకా ఆగొద్దు. నొప్పి, ఆందోళన ఎక్కువైతే పాలు దిగడమే కష్టమవుతుంది.

జాగ్రత్త పడాల్సినవి కోడీన్, ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందులు. కోడీన్‌ను కొందరి శరీరం చాలా వేగంగా మార్ఫిన్ అనే ఇంకా బలమైన మందుగా మార్చేస్తుంది. అది పాల ద్వారా చేరితే బిడ్డ మగతగా పడి ఉండొచ్చు, శ్వాస మందగించొచ్చు. పాలిచ్చే తల్లులు ఈ రెండూ వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఏ డాక్టరు మందు రాసినా 'నేను పాలిస్తున్నాను' అని ముందే చెప్పండి. నిద్ర తెప్పించే మందు వేసుకున్న రోజు బిడ్డను మీ పక్కలో పడుకోబెట్టుకోవద్దు. సోఫాలో ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడటం ఇంకా ప్రమాదం.

అపోహ: వెన్నులో మత్తు ఇస్తే జీవితాంతం నడుము నొప్పే.

సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు. నెలల తరబడి వేధించే నొప్పికి గర్భంతో వదులైన కీళ్లు, పొట్ట కండరాల నీరసం, గంటల తరబడి బిడ్డ మీదికి వంగి పాలివ్వడం లాంటివి కారణాలు. బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి, మీరు బిడ్డ మీదికి వంగొద్దు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మాత్రం వెన్ను మత్తు వల్ల రావొచ్చు. అది ఉంటే డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉంది.

అపోహ: విశ్రాంతి అంటే పడుకునే ఉండటం.

కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కంటే ఎక్కువ. దానికి ఆపరేషన్ తోడై, కదలకుండా పడుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. డాక్టరు సరేనన్నప్పటి నుంచి రోజుకు నాలుగైదు సార్లు నెమ్మదిగా నడవండి. పొట్టకు బెల్టు కట్టుకుంటే కదిలేటప్పుడు కాస్త హాయిగా ఉంటుంది, అంతే. దానివల్ల పొట్ట తగ్గదు.

అపోహ: బిడ్డ పని అయ్యాక నా సంగతి చూసుకోవచ్చు.

ఇది తల్లులు తమకు తామే చెప్పుకునే మాట. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, కుట్లు ఎర్రబడి చీము కారినా, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం అయినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా ఆగొద్దు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. బిడ్డను చూసేవాళ్లు ఎవరూ లేకపోతే వెంటబెట్టుకునే రండి, తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే రండి.