బడి బియ్యంలో ప్లాస్టిక్ ఉందా? మధ్యాహ్న భోజనంపై అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా మా బడిలో మధ్యాహ్న భోజనం బాధ్యత నాదే. పొద్దున్నే హాజరు చూసి బియ్యం తూచి ఇస్తాను, వండాక పిల్లలకంటే ముందు నేను రుచి చూస్తాను. ఈ పనిలో ఊళ్లోవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వినే మాటలివి.

అపోహ: బడి బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారు.

వాస్తవం: ఒక తల్లి గుప్పెడు గింజలు కొంగున కట్టుకుని వచ్చింది. పాలిపోయినట్టు తెల్లగా ఉన్నాయి, నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. భయపడటంలో ఆమె తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు మరి. అవి ప్లాస్టిక్ కావు, పోషకాలు కలిపిన (ఫోర్టిఫైడ్) బియ్యం గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజలా ఒత్తుతారు. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. మా వంటక్క కూడా మొదట్లో చేటలో పోసి వీటిని ఏరి పారేసేది. పిల్లలకు రక్తం పట్టాలని వేసినదాన్నే పెంట మీద పోస్తున్నామని చెప్పాక మానేసింది. ఆ తల్లి ఎదుటే ఆ గింజల్ని చిన్న గిన్నెలో ఉడికించాం. వేళ్లతో నలిపి చూసుకుంది, అన్నం మెతుకులాగే మెత్తగా అయ్యాయి.

అపోహ: పిల్లలు ఇంట్లో తినే వస్తారు, బడిలో పెట్టడం దండగ.

వాస్తవం: మిరపకోతల రోజుల్లో మా ఊరి ఆడవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కేస్తారు. చాలామంది పిల్లలు టీ, బిస్కెట్ మీదే బడికొస్తారు. ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడిన పిల్లను "ఏం తిన్నావమ్మా" అంటే తల దించుకుంటుంది. పైగా ఇది ఎవరి దయాధర్మమూ కాదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది, 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కు చేసింది. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క.

అపోహ: ఎండాకాలం గుడ్డు వేడి చేస్తుంది.

వాస్తవం: చేయదు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు.

అపోహ: వంటవాళ్లు సరుకులు మింగేస్తారు.

వాస్తవం: ఎక్కడా జరగదని నేననను. కానీ నేను చూసింది వేరు. ఒకసారి బిల్లులు నెలల తరబడి రాలేదు. కిరాణా కొట్టతను ఇక అరువివ్వనంటే, మా వంటక్క కమ్మలు తాకట్టు పెట్టి నూనె తెచ్చింది. ఆమెకొచ్చేది నెలకు 3000 రూపాయలు. అనుమానం ఉన్నవాళ్లు పన్నెండింటికి బడికి రండి, వంట చూడండి, తిని చూడండి.

అపోహ: మధ్యాహ్నం పెడుతున్నారు కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ భోజనం పెడుతున్నారు. చాలా మంచి పని. కానీ మా పిల్లల ఆకలి తొమ్మిదింటికే మొదలవుతుంది. రాగి జావ కొంత ఆదుకుంటోంది గానీ అది టిఫిన్‌కు సాటి రాదు. తమిళనాడులో 2022 సెప్టెంబర్‌లోనే ప్రాథమిక బడుల్లో ఉదయం టిఫిన్ మొదలుపెట్టారు, ఉప్మా, పొంగల్ వేడివేడిగా పెడుతున్నారు. మనకూ అది కావాలని ఈసారి తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం పెడుతున్నాను. కూలికి పోవాల్సినవాళ్ల కోసం సమావేశం సాయంత్రం ఆరింటికి పెట్టించాను.