పులస వేరు, విలస వేరా? మనిషి వర్గీకరణపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై ఆరేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. వర్గీకరణ పాఠం సరిగ్గా గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే పడుతుంది. అందుకని మొదటి రోజు పుస్తకం తెరవను. "పులస, విలస ఒకటే చేపా, రెండు చేపలా?" అని అడుగుతాను. సగం తరగతి రెండంటుంది. రేవు ఊళ్ల పిల్లలు నవ్వి ఊరుకుంటారు. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. శాస్త్రానికి రెండూ టెన్యువలోసా ఇలిషాయే. ఏటినీటిలో రుచి మారుతుందన్నది నిజం, ధర మారుతుందన్నది ఇంకా నిజం. పుస్తెలమ్మయినా పులస తినాలన్నారు గానీ విలస తినమనలేదు. కాబట్టి పులస అన్న పేరు అబద్ధం కాదు. అది బజారుకు అక్కరకొచ్చే పేరు, అంతే.

మనుషులకు పెట్టుకున్న పేర్లూ ఏదో ఒక అక్కరకు పుట్టినవే. ఆ అక్కర మరుగున పడి పేరు మాత్రం మిగిలినప్పుడు పుట్టే ప్రశ్నలే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి.

అపోహ: "మా రక్తం వేరు."

మా విద్యార్థి ఒకడు అత్యవసరంగా రక్తం ఇవ్వడానికి వెళ్తే, రోగి బంధువు ముందు అడిగిన మాట "మీరేమిట్లు బాబూ?" అని, అంటే ఏ కులమని. గ్రూపు ఏమిటన్నది తరువాత అడిగాడట. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఎ, బి, ఓ రక్తవర్గాల సంగతి బయటపెట్టాక ఈ మాటకు చోటే లేదు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్న రక్తం తమ్ముడికి సరిపడకపోవచ్చు, ముక్కూ మొహం తెలియనివాడిది సరిపడవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో గ్రీసులోని సలోనికాకు చేరిన నానాదేశాల సైనికుల రక్తాన్ని వైద్యులైన హిర్ష్‌ఫెల్డ్ దంపతులు పరీక్షించి 1919లో ప్రకటించారు. భారతీయుల్లో బి ఎక్కువగా కనిపించింది. అయితే వారు చూసిన ఏ దేశం జట్టులోనూ అందరిదీ ఒకే గ్రూపు కాలేదు. దేశాన్నిబట్టి మారింది పాళ్లే.

అపోహ: "పెదనాన్న కూతురు అక్క కాబట్టి దగ్గరి రక్తం. మేనమామ కూతురు మరదలు, ఇంటిపేరు వేరు, కాబట్టి దూరం."

దీనికి మాత్రం ఒక గంట పూర్తిగా కేటాయిస్తాను. పిల్లలచేత ఎవరి వంశవృక్షం వాళ్లచేత గీయిస్తాను. పెదనాన్న కూతురితో మనకు ఉమ్మడిగా ఉన్నది తాత, నాయనమ్మ. మేనమామ కూతురితో ఉన్నది అమ్మమ్మ, ఆవిడ భర్త. ఇద్దరితోనూ మనం పంచుకునే జన్యువులు సగటున ఎనిమిదో వంతే, చిన్నమెత్తు తేడా లేదు. మేనమామకూ మేనకోడలికీ మధ్యనైతే నాలుగో వంతు. ఇంటిపేరు తండ్రి వైపునుంచే వస్తుంది, జన్యువులు రెండు వైపులనుంచీ వస్తాయి. గోత్రానిదీ అదే లెక్క.

అయితే మన వరసలు తెలివితక్కువవి కావు. ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరిని పెళ్లాడకూడదు, ఆస్తి ఏ ఇంటికి చేరుతుంది అన్నవి తేల్చడానికి పుట్టినవవి. ఆ పని చక్కగానే చేశాయి. ఇంగ్లీషులో అందరికీ కలిపి "కజిన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనకు అక్క, చెల్లి, వదిన, మరదలు ఎవరి చోటు వారిది. అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చయిన తన గ్రంథంలో తమిళ, తెలుగు వరసలను అమెరికా ఆదివాసులైన ఇరోక్వాల వరసలతో పోల్చి, ఆ పోలికకు విస్తుపోయాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట మేనరికాన్ని ఒప్పుకుంటుంది.

మేనరికం చేసుకున్నవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. కానీ పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తే, ఇలాంటి దగ్గరి సంబంధాల్లో అది ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇంట్లో వినికిడి లోపమో తలసేమియానో ఉంటే, బిడ్డను అనుకోకముందే వైద్యుడికి చెప్పండి. "మా ఇంటిపేర్లు వేరండీ" అన్న జవాబు అక్కడ పనికిరాదు.

అపోహ: "ఆర్యులొక జాతి, ద్రావిడులొక జాతి. ముక్కు చూసి చెప్పేయవచ్చు."

ఇవి మొదట భాషల లెక్కలోని పేర్లు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని మద్రాసులో కలెక్టరైన ఎల్లిస్ వాదించింది 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో. ఆ కుటుంబానికి ద్రావిడమన్న పేరును స్థిరపరిచింది 1856లో మిషనరీ కాల్డ్‌వెల్. భాషకు పెట్టిన పేరు మనిషి ఒంటికి ఎక్కింది తరువాతే. 1901 జనాభా లెక్కలకు అధిపతి అయిన రిస్లీ ముక్కుల పొడవూ వెడల్పూ కొలిపించి, ముక్కు వెడల్పయ్యేకొద్దీ సమాజంలో హోదా తగ్గుతుందని సూత్రం కట్టాడు. మా తరగతిలో అరవై ముక్కులున్నాయి, ఆయన సూత్రం రెండు బెంచీలు దాటదు. మా వర్గీకరణ శాస్త్రానికి పితామహుడైన లినేయస్ కూడా ఇందులో తక్కువ తినలేదు. 1758లో మనుషులను ఖండాలవారీగా నాలుగు రకాలు చేసి, ఆఫ్రికావారిని నడిపేది చాపల్యమని రాశాడు. చేపల మొప్పలు లెక్కపెట్టిన చేత్తోనే రాశాడు గనుక అదీ కొలతే అనుకున్నారు జనం. 1972లో జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ రక్తంలోని ప్రొటీన్లు పట్టుకుని లెక్క తీస్తే, మనుషుల మధ్య వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే కనిపించింది.

అపోహ: "కులం సమాజం పెట్టిందే, కాబట్టి ఒంటిమీద దాని జాడే ఉండదు."

ఇది చదువుకున్నవాళ్ల అపోహ. కులం జన్యువుల నుంచి పుట్టలేదన్నది నిజమే. కానీ తరతరాలుగా గీత లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే ఆ గీత జన్యువుల్లో పడకుండా ఉంటుందా? హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో వెలువరించిన పరిశోధనలో మన రాష్ట్రపు వైశ్యులు దీనికి ప్రముఖ ఉదాహరణ. వారిలో కొందరికి వంశపారంపర్యంగా ఒక ఎంజైము కొరత ఉంటుంది. శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వారికి త్వరగా దిగదు. మత్తువైద్యుడు కులం అడిగితే కోపం తెచ్చుకోకండి, ఆయనకు కావలసింది ఈ సమాచారం. కారణం మాత్రం పెళ్లిచూపుల దగ్గరుంది, రక్తపు గొప్పలో లేదు.

అపోహ: "ప్రకృతిలో ఆడా మగా రెండే గదులు, మధ్య తలుపు లేదు."

మన చెరువుల్లో పెంచే పండుగప్ప మగచేపగా ఎదిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. చేపను చూపి మనిషి గురించి తీర్పు చెప్పకూడదు. మనుషుల్లోనే ఒక్క ఎక్స్ క్రోమోజోముతో పుట్టే ఆడపిల్లలున్నారు, ఎక్స్ఎక్స్‌వై ఉన్న మగవాళ్లున్నారు, ఎక్స్‌వై ఉండీ స్త్రీలుగా ఎదిగినవాళ్లున్నారు. తాను ఎవరని మనిషి భావిస్తాడన్నది వీటన్నిటికీ వేరే ప్రశ్న. 2014లో సుప్రీంకోర్టు దాన్ని ఆ మనిషికే వదిలేసింది.

అపోహ: "కుల ధ్రువపత్రంలో ఉన్నది పుట్టుకతో వచ్చిన లక్షణం."

పుట్టుకతో వచ్చేదైతే రాష్ట్రం దాటితే మారకూడదు. లంబాడీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో ఈ రెండూ కారు, అక్కడ వారు విముక్త జాతి, అంటే ఒకప్పటి నేరస్థ తెగల పట్టికలోంచి తీసేసినవారు. రాజ్యాంగం 341, 342 అధికరణల కింద ఈ జాబితాలు రాష్ట్రాలవారీగా తయారయ్యాయి. చరిత్రలో ఎవరికి ఏ అన్యాయం జరిగిందో సరిచేయడానికి పెట్టుకున్న పట్టికలివి. అందుకవి అవసరమే. 1871లో తెల్లదొరలు చేసిన పట్టిక వేరే రకం. నేరస్థ తెగల చట్టమని పేరుపెట్టి, పుట్టిన బిడ్డనూ దొంగగానే రాసుకున్నారు. మద్రాసు రాజధానికి అది 1911లో వచ్చింది, దేశమంతటా రద్దయింది 1952లో.

మాకు ఇంత దూరం వెళ్లక్కర్లేదు. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అక్కడ పుదుచ్చేరి జాబితా. మొన్నామధ్య యానాం అమ్మాయి ఒకతె రెండు దరఖాస్తులు పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, కులం ఎదురుగా ఏ వర్గమని రాయను?" అని అడిగింది.

"ఏ ప్రభుత్వం అడుగుతోందమ్మా?" అన్నాను.