మెథోట్రెక్సేట్ అరుదైన దుష్ప్రభావాలు: అపోహలు - వాస్తవాలు

రుమటాయిడ్ కీళ్లవాతం అని తేలగానే చాలామందికి మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. వాడేవాళ్ల భయాలు ఎక్కువగా జుట్టు రాలడం, వికారం, కాలేయం చుట్టూనే తిరుగుతాయి. ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదాలు వేరు. అవి అరుదే కానీ, వాటిలో చాలావాటి వెనుక ఒక కారణం ముందే ఉంటుంది: వారానికి బదులు రోజూ పడిన మాత్ర, మందగించిన కిడ్నీ, మధ్యలో వచ్చి చేరిన ఇంకో మందు. అవి తెలిసి ఉంటే ప్రమాదాన్ని మొదట్లోనే పట్టుకోవచ్చు.

అపోహ: ఇది క్యాన్సర్ మందు. కీళ్లనొప్పికి ఇంత విషం ఎందుకు?

మందు అదే, మోతాదు వేరు. కొన్ని ఎముక క్యాన్సర్లలో శరీర ఉపరితలం చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా ఒక్కసారే ఎక్కిస్తారు. కీళ్లవాతానికి వాడేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదులో ఇది ముఖ్యంగా వాపును అణిచే పనే చేస్తుంది. అమెరికాలో కీళ్లవాతానికి దీన్ని 1988లోనే ఆమోదించారు.

అపోహ: వారానికి ఒక్కసారి ఏం సరిపోతుంది? నొప్పి ఎక్కువైనప్పుడు రోజూ వేసుకుంటే త్వరగా తగ్గుతుంది.

మిగతావన్నీ మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుండాలి. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకునే మందు కాదు. అదే మాత్ర వరసగా కొన్ని రోజులు పడితే కణాలు కోలుకునే వ్యవధి ఉండదు. నోటి లోపలి పొర, పేగు, ఎముక మజ్జ వంటి వేగంగా విభజన చెందే కణజాలాలు ముందు దెబ్బతింటాయి. మొదట నోటిపూత, విరేచనాలు, తర్వాత తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, జ్వరం, రక్తస్రావం. ఇలా చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే 2019లో యూరప్ ఔషధ సంస్థ ఈ మాత్రల ప్యాకింగ్ మీద, హెచ్చరికల మీద నియమాలను కఠినం చేసింది.

పొరపాటు జరిగే చోట్లు కూడా దాదాపు తెలిసినవే. చీటీలో వారం పేరు రాయకపోవడం ఒకటి. ఆసుపత్రిలో చేరినప్పుడు మందుల జాబితాను తిరగరాస్తూ 'రోజూ' అని రాసేయడం ఇంకొకటి. మూడోది మాత్రల బలం మారడం: 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటే 15, అదే అలవాటుతో 10 మిల్లీగ్రాములవి ఆరు వేసుకుంటే 60. కాబట్టి చీటీ మీద 'సోమవారం మాత్రమే' అన్నట్టు వారం పేరు రాయించుకోవాలి. ఇంట్లో ఎప్పుడూ ఒకే బలం మాత్రలే ఉంచుకోవాలి. కొత్త స్ట్రిప్ తెచ్చిన ప్రతిసారీ దాని మీది అంకె చదవాలి. దుష్ప్రభావాలు తగ్గించడానికి దీంతోపాటు ఇచ్చే విటమిన్ ఫోలిక్ యాసిడ్ కూడా చూడటానికి చిన్న పసుపు మాత్రలాగే ఉండవచ్చు, అందుకే రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి పెట్టకూడదు.

మోతాదు మరచిపోతే రెండు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారం వదిలేసి, మామూలు రోజున మామూలు మోతాదే వేసుకోవాలి. రెండు వారాలవి కలిపి వేసుకోకూడదు.

ఎక్కువ పడిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు ఫోలినిక్ యాసిడ్, అంటే ల్యూకోవొరిన్. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు నాలుగు ఎక్కువ మింగితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. మెథోట్రెక్సేట్ అడ్డుకున్న ఎంజైమ్ పనిచేస్తేనే ఫోలిక్ యాసిడ్ ఉపయోగపడుతుంది. ఫోలినిక్ యాసిడ్‌కు ఆ ఎంజైమ్‌తో పని లేదు.

అపోహ: ఏళ్లుగా వాడుతున్నాను, ఏమీ కాలేదు. ఇక పరీక్షలు అక్కర్లేదు.

మోతాదు మారకపోయినా శరీరం మారుతుంది. ఈ మందు ఎక్కువగా కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. వయసుతో కిడ్నీ పనితీరు తగ్గినా, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, అదే 15 మిల్లీగ్రాములు లోపల ఎక్కువసేపు నిలిచి ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. అలాంటి జబ్బు చేసినప్పుడు ఆ వారం మోతాదు వేసుకునే ముందు డాక్టరును అడగాలి.

ఇంకో పెద్ద ప్రమాదం మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే ట్రైమెథోప్రిమ్, లేదా అది కలిసిన కోట్రైమాక్సజోల్. మెథోట్రెక్సేట్‌లాగే ఇదీ ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్) పనినే అడ్డుకుంటుంది, మెథోట్రెక్సేట్ కిడ్నీ దాటకుండా కూడా చేస్తుంది. రెండూ కలిస్తే కొన్ని రోజుల్లోనే రక్తకణాలు మూడు రకాలూ పడిపోవచ్చు. యాంటీబయోటిక్ రాసే ఏ డాక్టరుకైనా, 'నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను' అని అడగకముందే చెప్పాలి.

మొదటి మూడు నెలలు 2 నుంచి 4 వారాలకోసారి, తర్వాత అంతా నిలకడగా ఉంటే 12 వారాలకోసారి రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. పరీక్ష తేదీకి ఇంకా సమయం ఉన్నా కొత్తగా నోటిపూత, గొంతునొప్పితో జ్వరం, కారణం లేని కమిలిన మచ్చలు కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి, ఫలితం వచ్చేదాకా మందు ఆపాలి.

అపోహ: పొడి దగ్గే కదా, వాతావరణం మారింది.

మెథోట్రెక్సేట్ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు, న్యుమోనైటిస్, చాలా అరుదు. వస్తే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే వస్తుంది, తక్కువ మోతాదులోనూ రావచ్చు. కఫం లేని దగ్గు, జ్వరం, మెట్లు ఎక్కితే ఆయాసం కొన్ని రోజుల నుంచి వారాల్లో ముదురుతాయి. అప్పుడు తర్వాతి మోతాదు వేసుకోకుండా ఛాతీ ఎక్స్‌రే లేదా స్కాన్, ఆక్సిజన్ పరీక్ష చేయించాలి. ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే కనబడుతుంది కాబట్టి దాన్ని తోసిపుచ్చాకే స్టెరాయిడ్ ఇవ్వాలా అన్నది తేలుస్తారు. మందు వల్లే అని రుజువైతే మళ్లీ దాన్ని మొదలుపెట్టరు.

అలాగని ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే ఊపిరితిత్తుల మచ్చలన్నిటికీ ఈ మందునే నిందించడం సరికాదు. కీళ్లవాతమే ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. మందు మొదలుపెట్టేముందు తీసిన ఎక్స్‌రే దాచుకుంటే, తర్వాత తీసిన ఎక్స్‌రేతో పోల్చి చూడటానికి పనికొస్తుంది.

అపోహ: కాలేయ పరీక్షలో అంకె పెరిగితే మందు మానేయాల్సిందే.

మోతాదు వేసుకున్న ఒకటి రెండు రోజులకే రక్తం ఇస్తే ఎంజైములు తాత్కాలికంగా ఎక్కువ కనిపించవచ్చు. తర్వాతి మోతాదుకు ముందు రోజుల్లో రక్తం ఇవ్వడం మంచిది. కొంచెం పెరిగితే చాలాసార్లు మోతాదు తగ్గించి మళ్లీ చూస్తారు, మామూలు గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటితే ఆపుతారు. మద్యం, స్థూలకాయం, మధుమేహం, హెపటైటిస్ బి, సి ఉన్నవారిలో నిజమైన ముప్పు ఎక్కువ. ఆ రెండు హెపటైటిస్ పరీక్షలు మందుకు ముందే జరగాలి.

అపోహ: ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే మందు పని చేయదు.

సాధారణ మోతాదులో కీళ్ల మీద ప్రభావం చెప్పుకోదగ్గంతగా తగ్గదు, వికారం, కాలేయ ఎంజైముల పెరుగుదల మాత్రం తగ్గుతాయి. వారానికి 5 మిల్లీగ్రాములు మెథోట్రెక్సేట్ లేని రోజున, లేదా రోజుకు 1 మిల్లీగ్రాము ఇస్తారు.

అపోహ: గర్భం వచ్చాక ఆపితే సరిపోతుంది.

సరిపోదు. మెథోట్రెక్సేట్ గర్భస్రావానికి, బిడ్డలో లోపాలకు కారణమవుతుంది. వాడుతున్నన్నాళ్లూ నమ్మకమైన గర్భనిరోధం ఉండాలి. గర్భం కోరుకుంటే కనీసం 1 నుంచి 3 నెలల ముందే ఆపాలని కీళ్లవాత నిపుణుల సలహా, కొన్ని దేశాల లేబుళ్లు 6 నెలలు అంటాయి. ఎంతన్నది మీ డాక్టరుతోనే తేల్చుకోవాలి. అనుకోకుండా గర్భం వస్తే ఆ రోజే మందు ఆపి, ఫోలిక్ యాసిడ్ కొనసాగిస్తూ, కీళ్ల డాక్టరును, గర్భిణీల డాక్టరును ఇద్దరినీ కలవాలి.